కెమెరాకు కనిపించని రంగు

తమ వేదిక మీద తీస్తున్న సినిమాలో హత్య చేసేది నటికి బట్టలు తొడిగే ఆవిడేనని తెలిసిన దగ్గర్నుంచీ అల్సియోన్ నాటకాల థియేటర్‌లో అదే పని చేసే లియోనీకి మనశ్శాంతి కరువైంది. తెరలు లాగేవాళ్ళూ, దీపాలవాళ్ళూ, ఆఖరికి వెనక గుమ్మం దగ్గర తాళంచేతులు చూసుకునే ముసలమ్మ కూడా ఆమె ఎదురైతే చాలు, రెండు చేతులూ పైకెత్తి 'నా జోలికి రాకు తల్లీ, పిల్లలు గలదాన్ని' అనడం మొదలుపెట్టారు. మొదట్లో లియోనీ కూడా నవ్వింది. పోనుపోనూ ఒళ్ళు మండింది. ముప్ఫయ్యేళ్ళుగా ఆ మేడమీది గదుల్లో నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎంతమంది నటీమణుల నడుములు బిగించిందో, ఎంతమంది చెమట తుడిచిందో తనకే గుర్తులేదు. చంపదలుచుకుంటే ఎప్పుడో చంపేదాన్ని, మీ సినిమా దాకా ఆగుతానా అని గొణుక్కుంది.

కథ రాసినవాడికి ఇవేం పట్టలేదు. కొత్త నాటకం మొదటిరోజున, నిండు ప్రేక్షకుల ఎదుట, పేరున్న నటి తుపాకి గుండు తగిలి వేదిక మీద కూలిపోతుంది. తలుపులన్నీ మూసేస్తారు. వానకోటు తొడుక్కున్న ఇన్‌స్పెక్టరొకడు వచ్చి అందర్నీ అనుమానించి, చివరికి ఓ మూల నిలబడి సూదిలో దారం ఎక్కించుకుంటున్న మనిషి భుజమ్మీద చెయ్యేస్తాడు. ఇరవయ్యేళ్ళ పగట. అద్దంలో తన మొహం చూసుకుంటూ గడిపిన ఆ నటి, అదే అద్దంలో తన వెనకున్న మొహాన్ని ఏనాడూ చూడలేదట. ఆ మాత్రానికి చంపేస్తారా అని లియోనీ అడిగితే, సినిమావాళ్ళు 'చంపుతారు, చాలామంది చంపుతారు' అని నవ్వారు.

చచ్చిపోయే నటి వేషం ఇర్మా వాల్కూర్‌ది. యుద్ధానికి ముందు ఈ థియేటర్ గోడ మీద ఆమె పేరు నాటకం పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉండేది. యుద్ధమయ్యాక ఆమెను పిలిచిన నాథుడు లేడు. అరవై దాటాయి, పిలవరు కూడా. డైరెక్టరు మోర్వాన్ కుర్రతనంలో పైగ్యాలరీలో చవక టిక్కెట్టు మీద కూర్చుని ఆమెను చూశాడు కాబట్టి పనిగట్టుకుని కబురంపాడు. సినిమా మొదలైన పావుగంటకే పోయే ప్రాణమే అయినా, కబురందిన రోజున ఇర్మా లియోనీ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మళ్ళీ మన మెట్లెక్కుతున్నామే అంది.

లియోనీ భయం ఆ మెట్ల గురించే. ఇర్మా కళ్ళకు పొరలు కమ్మాయి. వెలుగూ నీడా తెలుస్తాయి, ఎదురుగా ఎవరో ఉన్నారని తెలుస్తుంది, అంతే. నిరుడు క్రిస్మస్ విందుకు థియేటర్‌కి వచ్చినప్పుడు కొక్కేనికి వేలాడుతున్న కోటుకి తల వంచి 'బోంజూర్ మిస్యూ' అని పలకరించింది. పక్కనే ఉన్న లియోనీకి సంగతి అప్పుడే తెలిసింది. ఆవిడ ఏమీ చెప్పలేదు, ఈవిడ ఏమీ అడగలేదు. ఈ సినిమా మాటలన్నీ లియోనీయే చదివి వినిపించింది. నీ గొంతులో వింటే నాకు తొందరగా నోటికొస్తాయే అని ఇర్మా అంటే, అవును మదాం అని తలూపింది.

ఈ సంగతి గది దాటిందంటే వేషం పోయినట్టే. చూపులేని నటిని పెట్టుకునే ఓపిక సినిమావాళ్ళకెక్కడిది? పైగా జినెట్ అనే పిల్ల సిద్ధంగా ఉంది. దీపాలు సరిచూసుకునేటప్పుడు ఇర్మా బదులు నిలబడ్డం ఆ పిల్ల పని. వెనకనుంచి చూస్తే అదే ఎత్తు, అదే నడక. ముసలావిడ మొరాయిస్తే మొహం చూపించకుండా జినెట్‌తోనే కానిచ్చేద్దామని అసిస్టెంటు ఫెర్నాన్ అందరికీ వినపడేలాగే అన్నాడు.

*

సోమవారం పొద్దున గౌను పెట్టె వచ్చింది. లియోనీ పలచటి కాగితం మడతలు విప్పి, చూసి, మూసేసింది. కాసేపాగి మళ్ళీ తెరిచింది. రంగేమీ మారలేదు. నిక్షేపంలాంటి ఆకుపచ్చ పట్టుగౌను.

థియేటర్‌లో ఆకుపచ్చ వేసుకోరు. ఎందుకంటే ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు. వెనకటికి ఎవరో ఆ రంగులో వేదిక మీదే పడి ప్రాణం పోగొట్టుకున్నారని కొందరు, ఆ అద్దకంలో విషముండేదని కొందరు. కథ ఏదైతేనేం, వేసుకోరు. అల్సియోన్‌లో కుర్చీలు ఎరుపు, తెర ఎరుపు, గోడలు బంగారు రంగు. కాళ్ళు తుడుచుకునే గోనెపట్టాకి కూడా ఆకుపచ్చ అంచు ఉండదు. ఇర్మా సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఒకసారి ఓ పెద్దమనిషి పంపిన గులాబీలకు ఆకుపచ్చ రిబ్బను కట్టి ఉందని, పూలతో సహా కిటికీలోంచి కాలువలోకి విసిరేసింది. ఆ పెద్దమనిషి కింద వంతెన మీదే నిలబడి ఉన్నాడు, పాపం.

లియోనీ గౌను పట్టుకుని కిందికి వెళ్ళింది. ఫెర్నాన్ ముప్ఫయ్యేళ్ళవాడు, మెడలో గళ్ళ మఫ్లరు, చేతిలో ఎప్పుడూ గడియారం. చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. సినిమా నలుపు తెలుపుల్లో ఉంటుంది. ఈ ఆకుపచ్చ తెర మీద ముత్యంలా మెరుస్తుంది. అసలైన బూడిదరంగు గుడ్డ వేస్తే గిన్నెలు కడిగిన నీళ్ళలా కనిపిస్తుంది. 'కెమెరాకి రంగులు కనపడవు లియోనీ, దానికి మీ పట్టింపులు లేవు' అన్నాడు.

'వేసుకునే మనిషికి ఉన్నాయి కదా బాబూ.'

'వేసుకోనంటే జినెట్ వేసుకుంటుంది' అని గడియారం చూసుకున్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది లియోనీ పని. మెట్లెక్కుతున్నంతసేపూ ఆలోచించింది గానీ, ఆలోచన ఒక్క మెట్టు కూడా ముందుకు కదల్లేదు. ఇర్మా లోపలి గౌను మీద శాలువా కప్పుకుని అద్దం ముందు కూర్చుంది. బొగ్గు దొరకని చలికాలం, గదిలో పొయ్యి ఉందన్నమాటే గానీ రాజెయ్యడానికేమీ లేదు. లియోనీ తన అరచేతులు రెండూ రుద్ది వేడి చేసుకుంది. చల్లటి వేళ్ళు ఆవిడ వీపుకి తగలడం ఆమెకిష్టం ఉండదు. గౌనుని కింది నుంచి పోగుచేసి, మెడ కంత తెరిచి పట్టుకుంది. ముప్ఫయ్యేళ్ళుగా ఈ పనికి రెండే మాటలు. చేతులెత్తండి మదాం. ఊపిరి బిగబట్టండి మదాం. ఆవేళ మూడో మాట ఒకటి వచ్చింది.

'దానిమ్మ రంగు మదాం. ముదురు దానిమ్మ. మీకు బాగా నప్పుతుంది.'

ఇర్మా చెయ్యి గుడ్డ మీద ఆగింది. బొటనవేలితో అంచు రుద్దింది.

'అలాగా' అని, చేతులెత్తింది.

ఆవిడ వీపు మీది కొక్కేలు లియోనీ ఒక్కొక్కటే పెట్టింది. ఆకలిగా ఉన్నవాళ్ళ చేతిలో రాయి పెట్టి రొట్టె అని చెప్పినట్టనిపించింది. నేనేమీ నా కోసం చెయ్యలేదు కదా అని సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకున్న కొద్దీ మనసు ఇంకా బరువెక్కింది.

కింద వేదిక పక్కన గస్పార్ ఉన్నాడు. తెరలూ బరువులూ దించి ఎక్కించేవాళ్ళందరికీ పెద్ద. ఈ థియేటర్‌లో ఇరవైమందిని గద్దించగల మీసాలు అతనివి. ఆకుపచ్చలో దిగివస్తున్న ఇర్మాను చూసి టోపీ తీసి, కీడు తగలకుండా పక్కనున్న చెక్కస్తంభాన్ని ముట్టుకున్నాడు. ఇర్మా వెనకనుంచి లియోనీ నోటి మీద వేలుంచుకుంది. తర్వాత అతన్ని తెర చాటుకు లాక్కెళ్ళి బతిమాలింది. ఆవిడకి ఇది దానిమ్మ రంగు, నీకూ నీ మనుషులకీ కూడా దానిమ్మ రంగే, ఒట్టేయమంది.

'పైనుంచి ఏ బరువో జారి నెత్తిన పడితే ఎవరిది పూచీ అక్కా?' అని గొణిగాడు గస్పార్. 'అయినా అంత దగ్గర్నుంచి చూసి కూడా ఆవిడకి...' అంటూ ఆగిపోయి, మీసం దువ్వుకున్నాడు. 'సరే. దానిమ్మే.'

ఆ రోజు తీసింది సినిమాలోని అద్దం ముందరి సీను. హంతకురాలి వేషం వేసే నటి గుండుసూదులు ఎలా పట్టుకోవాలో తెలియక, లియోనీని అడిగి నేర్చుకుని, నోట్లో పెట్టుకుని పెదవి గుచ్చుకుంది. ఇర్మా మాత్రం ఒక్కమాట తడబడలేదు. అద్దంలోకి ఆవిడ చూసిన చూపుకి కెమెరా వెనకున్నవాళ్ళు పనులాపి చూశారు. ఆ అద్దంలో ఆవిడకి ఏమీ కనిపించడంలేదని తెలిసిన ఒక్క మనిషీ గోడకానుకుని నిలబడింది.

*

అసలు పరీక్ష చావు సీను. వేదిక వెనక తలుపుల్లోంచి ఎర్ర తివాచీ మీద నడిచి వచ్చి, సుద్దగీత దగ్గర ఆగాలి. కుడివైపు బాల్కనీ వంక తల తిప్పాలి. తుపాకి పేలాలి. గీత మీద ఆగితేనే ఆ సన్నటి దీపం మొహాన పడుతుంది, కెమెరాలో మొహం తేటగా వస్తుంది. అడుగు అటైనా ఇటైనా పనికిరాదు. తన కాలంలో ఇర్మా దీపాన్ని చెంపమీది వేడిని బట్టి పోల్చుకునేది. ఇప్పుడు సినిమావాళ్ళ దీపాలు నాలుగుపక్కలా మండుతూ ఉంటే వేడి ఎటైనా ఒకటే.

మంగళవారం మధ్యాహ్నం అందరూ సూపు తాగడానికి వెళ్ళినప్పుడు లియోనీ తివాచీ అంచెత్తి, సుద్దగీతకి సరిగ్గా కింద చిటికెనవేలి మందాన ఒక తాడుముక్క పరిచింది. మనసులో కూడా దాన్ని తాడు అనుకోలేదు. ఆ మాట థియేటర్ గోడల మధ్య అనకూడదు. 'దారం' అంటారు, 'కొస' అంటారు, లేదా వేలు చూపిస్తారు. పొరపాటున ఎవరైనా నోరుజారితే పనివాళ్ళందరికీ తాగడానికి పోయిస్తే గానీ దోషం పోదు. ఇర్మాని తీసుకొచ్చి, చెయ్యి పట్టుకుని నడిపించి, పాదం కింద తగులుతోందా అనడిగింది. ఇర్మా బూటు ముందుభాగంతో దాన్ని తడిమి, పిల్లలా నవ్వింది.

సాయంత్రం రిహార్సల్లో మూడుసార్లు నడిచింది, మూడుసార్లూ గీత మీదే ఆగింది. మోర్వాన్ ముచ్చటపడ్డాడు. కింద చూడకుండా గీత మీద నిలబడే నటిని నేను ఇంతవరకు చూడలేదని ఫెర్నాన్‌తో అన్నాడు. లియోనీ పక్కకి తిరిగి ముక్కు చీదుకుంది.

తిరిగి మెట్లెక్కేటప్పుడు ఎప్పట్లా గస్పార్ వాళ్ళ ముందు నడిచాడు, ఏదో కూనిరాగం తీస్తూ, మలుపు వచ్చిన ప్రతిచోటా గొంతు పెంచుతూ. ఈ మనిషికి ఈ వయసులో పాటలేమిటో అని లియోనీ విసుక్కుంది.

*

బుధవారం కుర్చీల నిండా జనాన్ని కూర్చోబెట్టారు. సగంమంది పని లేని పాత నటులు. నాటకం చూడ్డానికి వచ్చినవాళ్ళలా సింగారించుకుని, చలికి ఆగలేక ఒళ్ళో దాచుకున్న కోట్లు మోకాళ్ళ మీద కప్పుకున్నారు. ఇర్మా ఆకుపచ్చలో తెరిచిన తలుపుల వెనక నిలబడి ఉంది. ఆ రంగు చూసి ముందువరసలో ఒక ముసలాయన శిలువ గుర్తు వేసుకోవడం లియోనీ కంటపడింది. దేవుడా, ఈయన నోరెత్తకుండా చూడు అనుకుంది.

కెమెరాలోంచి చూస్తున్నవాడు తివాచీలో ముడత ఉందన్నాడు. ఫెర్నాన్ వేదికెక్కి, అంచెత్తి, కింద చెయ్యి పెట్టాడు.

'ఇక్కడ ఈ తాడు ఎవరు పెట్టారు?' అని చేత్తో పైకెత్తి చూపించాడు.

ఒక్కసారిగా పని ఆగిపోయింది. వేదిక నెత్తిన ఇనుపవంతెన మీదున్న తెరలవాళ్ళు చేతులు కట్టుకున్నారు. కుర్చీల్లోని పాత నటులు 'అయ్యో' అని నవ్వేశారు. గస్పార్ మెల్లగా నడిచి వచ్చి, మీరిప్పుడన్న మాటకి మా మనుషులు ఇరవైమందికీ వేడి వైను పోయించాలి, అదయ్యేదాకా ఇక్కడ ఒక్క మేకు కదలదన్నాడు. ఫెర్నాన్ ఎర్రబడి డైరెక్టరు వంక చూశాడు. మోర్వాన్ గ్యాలరీలో పెరిగినవాడు గదా, పోయించక తప్పదయ్యా అని నవ్వాడు. గోల గోలగా గస్పార్ మనుషులందరూ రోడ్డవతలి దుకాణానికి వెళ్ళారు. తాడుముక్క ఫెర్నాన్ జేబులో వెళ్ళిపోయింది. దీపాలవాళ్ళు వేదిక మీదే ఉండిపోయారు కాబట్టి లియోనీకి ఇంకో ముక్క పెట్టే వీలు చిక్కలేదు. గస్పార్‌కి చెబుదామా అంటే చూపు సంగతి చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా తెర పక్కన నిలబడిపోయింది. తలుపుల వెనకున్న ఇర్మాను చేరి చెవిలో, 'దారం పోయింది మదాం' అని మాత్రం చెప్పగలిగింది. ఇర్మా పెదవి కొరుక్కుంది. పోతే పోయిందిలే, కాళ్ళకి గుర్తుంటుందిలే అంది.

కాళ్ళకి గుర్తులేదు. మొదటిసారి గీత దాటిపోయింది. మొహం చీకట్లో పడింది. రెండోసారి ముందే ఆగింది. తుపాకి పేలింది, ఆవిడ పడింది, కానీ దీపం ఆవిడ లేనిచోట తెల్లగా వెలుగుతూ ఉండిపోయింది. మూడోసారి నడుస్తూనే తడబడి, చెయ్యి గాల్లోకి చాచింది. ఆ చెయ్యి గుడ్డివాళ్ళ చెయ్యి. ఇంకొక్కసారి చాస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి. ముసలావిడ మధ్యాహ్నమే పట్టించినట్టుందని ఫెర్నాన్ అన్నాడు. జినెట్‌ని పిలవమని ఎవరికో సైగ చేశాడు. ఆ పిల్ల అప్పుడే లేచి జుట్టు సర్దుకుంది, దాని తప్పేముంది, రోజుకూలికి వచ్చింది. మోర్వాన్ వేదిక దగ్గరికొచ్చి మర్యాదగానే అడిగాడు, ఏమైంది మదాం, నిన్న అంత బాగా చేశారు కదా అని. అంతమంది ముందు ఆవిడ మాట కోసం వెతుక్కోవడం లియోనీ ఎప్పుడూ చూడలేదు.

ఏదో ఒక కారణం చెప్పాలి. కళ్ళ మాట రాని కారణం. థియేటర్ వాళ్ళందరూ అవునని తలూపే కారణం. అలాంటిది ఒక్కటే ఉంది. కానీ అది బయటపెడితే ఇర్మాకి తన అబద్ధం తెలిసిపోతుంది. నేను దానిమ్మ రంగు తొడుక్కున్నాను కదా అని ఆవిడ ఆశ్చర్యపోయిందా, అక్కడికక్కడే అంతా అయిపోతుంది, వేషమూ పోతుంది, ముప్ఫయ్యేళ్ళ నమ్మకమూ పోతుంది. లియోనీ నోట్లోని గుండుసూదులు అరచేతిలోకి ఉమ్ముకుంది. అన్నేళ్ళలో మొదటిసారి తెర దాటి దీపాల వెలుగులోకి వచ్చింది.

'తప్పు ఆవిడది కాదు మిస్యూ. గౌనుది. అది ఆకుపచ్చ గౌను. ఆకుపచ్చ వేసుకుని ఈ చెక్కల మీద ఏ నటి కాలూ సరిగ్గా పడదు. ఎవర్నైనా అడగండి.'

ఇర్మా వైపు చూసే ధైర్యం లేక, తివాచీ వంక చూస్తూ నిలబడింది.

'నిజమే మిస్యూ మోర్వాన్' అంది ఇర్మా. గొంతులో తొణుకూ బెణుకూ లేదు. 'ఈ వేదిక మీద ఆకుపచ్చ అంచున్న రుమాలు కూడా నేను పట్టుకోలేదు. మీ కోసం నిలువునా వేసుకున్నాను. ఈ ముసలి కాళ్ళకి నచ్చజెప్పుకోవాలి, కాస్త వ్యవధి ఇవ్వండి.'

కుర్చీల్లోంచి ఎవరో చప్పట్లు కొట్టారు. ఇందాకటి ముసలాయనే. ఆ వెంటనే మరో పదిమంది. పాతవాళ్ళందరికీ ఆ గౌను చూసిన దగ్గర్నుంచీ గొంతులో అడ్డుపడ్డది ఇప్పుడు దిగినట్టుంది. మోర్వాన్ నొచ్చుకున్నాడు. సోమవారం సీను ఇదే గౌనుతో తీశాం, ఇప్పుడు మార్చలేం, ఏం చెయ్యమంటారు అని అడిగాడు. మార్చక్కర్లేదు, వేసుకునే చేస్తానంది ఇర్మా. జినెట్ మళ్ళీ కూర్చుంది. ఫెర్నాన్ గడియారం జేబులో పెట్టుకున్నాడు.

లియోనీ తెర చాటుకి వెనక్కి తగ్గింది. అంత హఠాత్తుగా విని కూడా రెప్పవెయ్యకుండా అల్లుకుపోయిందే, నటి అంటే ఈవిడ అనుకుంది. గర్వమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ విరామంలో గస్పార్ మోకాళ్ళ మీద కూర్చుని తివాచీ సర్దడం లియోనీ చూసింది. సర్దుతూ సర్దుతూ చొక్కా చేతిలోంచి ఏదో తీసి అంచు కిందికి తోశాడు. ఈసారిది సన్నది, ముడత పడనిది. లేచి, మోకాళ్ళు దులుపుకుని, ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు.

'నీకెప్పట్నుంచి తెలుసు?' అంది లియోనీ.

'నిరుడు క్రిస్మస్ నుంచి. కొక్కేనికున్న ఆ కోటు నాదే అక్కా. దాని వెనకే ఉన్నాను' అన్నాడు గస్పార్. 'లేకపోతే మెట్ల మీద పాటలు పాడే వయసా నాది?'

ఇర్మా నాలుగోసారి నడిచింది. తలుపుల్లోంచి వచ్చి, గీత మీద ఆగింది. దీపం మొహాన నిండుగా పడింది. బాల్కనీ వంక తల తిప్పి, అక్కడెవరో తెలిసినవాళ్ళు కనిపించినట్టు చిన్నగా నవ్వబోయింది. తుపాకి పేలింది. ఆవిడ చెయ్యి గుండెల మీదికి పోలేదు. గౌను మీదికి పోయి, ఆ ఆకుపచ్చ పట్టుని పిడికిట్లో పట్టుకుంది. అలా పట్టుకునే మోకాళ్ళ మీద కూలి, పక్కకి ఒరిగింది. చాలించమని చెప్పాల్సిన మోర్వానే మర్చిపోయాడు.

*

పైగదిలో లియోనీ ఒక్కొక్క కొక్కెమే విప్పుతోంది. సగం విప్పాక ఇంక ఆగలేకపోయింది.

'తప్పయిపోయింది మదాం. దానిమ్మ రంగని మీకు అబద్ధం చెప్పాను. మీ కళ్ళు బాగోలేవు గదా అని...' అంటూ, ఇన్నాళ్ళూ ఇద్దరి మధ్యా అనని మాట అనేసినందుకు నాలిక్కరుచుకుంది.

'నాకు సోమవారమే తెలుసే' అంది ఇర్మా.

లియోనీ చేతులు ఆగిపోయాయి.

'ముప్ఫయ్యేళ్ళుగా తొడుగుతున్నావు. చేతులెత్తండి, ఊపిరి బిగబట్టండి, ఇంతే నీ భాష. ఏ గౌను రంగైనా ఎప్పుడైనా చెప్పావా నాకు? కళ్ళకి పొరలొచ్చాక కూడా చెప్పలేదు, చెబితే నేను నొచ్చుకుంటానని. మొన్న అడక్కుండానే చెప్పావు, నప్పుతుందని కూడా అన్నావు. అంతగా చెప్పి ఒప్పించాల్సిన రంగు ఈ థియేటర్‌లో ఇంకేముంటుంది?'

'మరి తెలిసి ఎందుకు వేసుకున్నారు మదాం?'

ఇర్మా అద్దం వంక తిరిగింది. లియోనీ మొహం ఉండే చోటికే చూసింది.

'ఆకుపచ్చ అని నువ్వు చెబితే నేను వేసుకోకూడదు. వేసుకోకపోతే ఆ పిల్ల వేసుకుంటుంది. దానిమ్మ అన్నావు కాబట్టి వేసుకోగలిగాను. నీ అబద్ధం పట్టుకునే ఇంతదూరం నడిచానే. ఇవాళ అందరి ముందూ అది కూడా లాగేశావు' అని, చెయ్యి వెనక్కి చాచి లియోనీ మణికట్టు పట్టుకుంది. 'సినిమాలో నన్ను చంపేది నువ్వేనని ఊరికే రాశారా?'

లియోనీ నవ్వబోయి ఏడ్చేసింది. గుండుసూదులు నోట్లో లేవు కాబట్టి సరిపోయింది. ఇర్మా ఆమెను ఏడవనిచ్చి, ఆ తర్వాత మిగతా కొక్కేలూ విప్పించుకుని, ఒళ్ళోకి తీసుకున్న గౌనుని తడుముతూ, ఇప్పుడు చెప్పు, ఇది ఎలాంటి ఆకుపచ్చ అనడిగింది.

లియోనీ కళ్ళు తుడుచుకుని గౌనుని దీపం దగ్గరికి పట్టుకుంది. మూడురోజులుగా దాన్ని చేతుల్లో మోస్తూ కూడా సరిగ్గా చూడనే లేదు.

'ఉల్లికాడ రంగు మదాం.'

'పైకొసా, మొదలా?'

'మధ్యలో. తెలుపు అయిపోయి ఆకుపచ్చ మొదలవుతుంది చూడండి, అక్కడ.'

'అయితే బాగానే ఉండుంటుంది' అంది ఇర్మా.

'చాలా బాగుంది మదాం.'

గది చల్లగా ఉంది. ఇర్మా ఎప్పట్లాగే చేతులెత్తి కూర్చుంది. లియోనీ కొక్కేనికున్న స్వెట్టరు తీసి, మెడ కంత తెరిచి పట్టుకుంది.

'బూడిదరంగు స్వెట్టరు మదాం' అంది, ఎవరూ అడక్కుండానే. 'ఎడమ మోచేతి దగ్గర అతుకుంది. నీలం ఉన్నితో వేశాను.'